దీపంలో ఏం పోస్తున్నారు? ఆముదం నుంచి కిరసనాయిలు దాకా, మన ఇంటి వెలుగు చరిత్ర

(ఇది వీడియో ఎపిసోడ్‌కి అక్షర రూపం. మాట్లాడినట్టే ఉంచాం, చదవడానికి వీలుగా అక్కడక్కడా సరిచేశాం.)

ఈరోజు కథ మా అమ్మమ్మ చేతి మీద ఉన్న ఒక మచ్చతో మొదలుపెడతాను.

ఎడమ మోచేతి కింద, అరచెయ్యంత మచ్చ. చర్మం ముడతలు పడి, నున్నగా మెరుస్తూ ఉండేది. చిన్నప్పుడు పక్కలో పడుకుని దాన్ని వేలితో తడుముతూ "ఇదేంటమ్మమ్మా?" అని అడిగేదాన్ని. "బుడ్డిలో చమురు పోస్తుంటే భగ్గుమందే" అనేది. అంతే, అంతకుమించి చెప్పేది కాదు. తన అజాగ్రత్త వల్లే జరిగిందని నమ్మేది. జీవితాంతం అలాగే నమ్మింది.

ఈ ఎపిసోడ్ కోసం చదువుతుంటే నాకు అర్థమైంది ఏంటంటే, ఆవిడ తప్పేమీ చెయ్యలేదు. వాళ్లమ్మ నేర్పినట్టే చేసింది. వెలుగుతున్న దీపం కొండెక్కకుండా నూనె పోసింది. కానీ ఆ పద్ధతి ఆముదానిది. బుడ్డిలో ఉన్నది కిరసనాయిలు. ఇంట్లోకి కొత్త నూనె వచ్చింది, దాంతో పాటు రావాల్సిన కొత్త నియమం మాత్రం రాలేదు.

మీ ఇంట్లో ఇప్పుడు కరెంటు ఉంది, ఫోన్లో టార్చ్ ఉంది. అయినా దీపం పోలేదు కదా. దేవుడి దగ్గర రోజూ వెలుగుతుంది, దీపావళికి గుమ్మం నిండా వెలుగుతుంది, కార్తీకమాసంలో అయితే చెప్పక్కర్లేదు. కాబట్టి "అందులో ఏం పోస్తున్నాం" అనే ప్రశ్న పాతబడలేదు.

వెలుగు ఖరీదైన రోజులు

ముందు చాలా వెనక్కి వెళ్దాం. ద్రాక్షారామం లాంటి మన పాత గుళ్ల శాసనాలు చూస్తే ఒక విషయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఫలానా వాళ్లు అఖండ దీపం కోసం ఇన్ని గొర్రెలు, ఇన్ని ఆవులు దానం ఇచ్చారు అని. దీపానికి గొర్రెలెందుకు? నెయ్యి కోసం. మంద పాలిస్తే, ఆ పాల నుంచి నెయ్యి, ఆ నెయ్యితో దీపం. పక్కన తమిళ దేశంలో తంజావూరు పెద్ద గుడి శాసనాల్లో ఒక్క దీపానికి 96 గొర్రెల లెక్క కనిపిస్తుంది. ఒక్క దీపం రాత్రీపగలూ ఆరకుండా వెలగాలంటే ఒక మంద కావాలన్నమాట!

మామూలు ఇళ్లలో నెయ్యి ఎక్కడిది? అక్కడ ఆముదం. "ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం" అని మనం వెక్కిరింపుగా అంటాం కానీ, వెలుగు విషయంలో అది నిజంగానే మహావృక్షం. వానలు తక్కువ పడే నల్గొండ, మహబూబ్‌నగర్ లాంటి మెట్ట నేలల్లో కూడా పండుతుంది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో మరిగిస్తే నూనె పైకి తేలుతుంది. గానుగ లేకపోయినా ఇంట్లోనే తీసుకోవచ్చు. నువ్వుల నూనెకైతే గానుగ కావాలి, పైగా అది వంటకీ కావాలి. అందుకే చాలా ఇళ్లలో వంటకి ఒకటి, దీపానికి ఇంకొకటి.

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అనే సామెత ఈ కాలానిదే. రాత్రికి ఇంత నూనె అని లెక్క ఉండేది. అది అయిపోతే చీకటే.

ప్రమిద ఎందుకలా ఉంటుంది?

ఇప్పుడు ఒక చిన్న పని చెయ్యండి. ఒక ప్రమిదని, ఒక లాంతరుని పక్కపక్కనే ఊహించుకోండి.

ప్రమిదలో నూనె, మంట దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. వత్తి నూనెలో పడుకుని, కొస మాత్రం అంచు మీద ఉంటుంది. లాంతరులో అలా కాదు. నూనె కింద మూత బిగించిన డబ్బాలో ఉంటుంది, మంట పైన ఎక్కడో ఉంటుంది. మధ్యలో వత్తి జానెడు ఎక్కాలి.

ఎందుకీ తేడా? ఆముదం, నువ్వుల నూనె చిక్కగా ఉంటాయి. వత్తి దారాల సందుల్లోంచి పైకి పాకాలంటే వాటికి కష్టం, కొంచెం ఎత్తే ఎక్కగలవు. అందుకే మంటని నూనె దగ్గరికి తీసుకురావాలి. కిరసనాయిలు నీళ్లలా పల్చగా ఉంటుంది, వత్తి వెంట సులువుగా ఎక్కేస్తుంది. దాన్ని మంటకి ఎంత దూరంగా, ఎంత మూసి ఉంచితే అంత మంచిది.

అంటే దీపం ఆకారాన్ని నిర్ణయించింది నూనె. లాంతరులో ఆముదం పోస్తే వత్తి పీల్చలేదు, ఆరిపోతుంది. అది చిన్న ఇబ్బంది. కానీ ప్రమిదలో కిరసనాయిలు పోస్తే? మూత లేదు, మంట పక్కనే ఉంది, నూనె పైభాగమంతా తెరిచి ఉంది. వత్తి ఒక్కటే కాదు, మొత్తం ప్రమిదే అంటుకుంటుంది.

చిక్కటి నూనెతో ఇబ్బంది యూరప్ వాళ్లకీ ఉంది. 1780 ప్రాంతంలో ఎమీ ఆర్గాండ్ అనే స్విట్జర్లాండ్ ఆయన గొట్టంలా బోలుగా ఉండే వత్తి, దాని చుట్టూ చిమ్నీ పెట్టి వెలుగుని ఎన్నో రెట్లు పెంచాడు. మంట లోపలి నుంచీ, బయటి నుంచీ గాలి అందడం దాని రహస్యం. గాలి బాగా అందితే పొగ తగ్గుతుంది, వెలుగు పెరుగుతుంది. కానీ నూనె ఎక్కించడమే తలనొప్పి. 1800లో కార్సెల్ అనే ఫ్రెంచ్ గడియారాల పనివాడు ఏకంగా కీ ఇస్తే తిరిగే పంపుని దీపంలో పెట్టాడు! నూనె పైకి రావడానికి గడియారం యంత్రం. అంత అవస్థ.

పల్చటి నూనె కోసం వేట

కాబట్టి అందరూ వెతికింది ఒక్కటే: పల్చగా ఉండాలి, చవగ్గా ఉండాలి, బాగా వెలగాలి.

అమెరికాలో 1830ల నుంచి 'బర్నింగ్ ఫ్లూయిడ్' అని ఒకటి అమ్మేవారు. అందులో ఉన్నదేంటి? ఆల్కహాల్, శుద్ధి చేసిన టర్పెంటైన్. అవును, పెయింటర్లు వాడే టర్పెంటైనే. చవక, తెల్లటి వెలుగు, పొగ తక్కువ. జనం ఎగబడ్డారు. దాంతో పాటే దీపాలు పేలి, బట్టలంటుకుని కాలిపోయిన వార్తలూ మొదలయ్యాయి. ముఖ్యంగా వెలుగుతున్న దీపంలో మళ్లీ పోసేటప్పుడు. మా అమ్మమ్మ కథే, ఖండం వేరు, కాలం వేరు.

తర్వాత కిరసనాయిలు. కెనడాకి చెందిన అబ్రహాం గెస్నర్ బొగ్గు లాంటి వాటి నుంచి ఈ నూనె తీసి, గ్రీకులో మైనం అనే అర్థమున్న మాట నుంచి 'కెరొసిన్' అని పేరు పెట్టాడు. మన నోట్లో అది కిరసనాయిలు అయింది. ఇంకోవైపు పోలండ్‌కి చెందిన ఇగ్నాసీ లుకాసెవిచ్ అనే మందుల షాపు ఉద్యోగి రాతి నూనె నుంచి అలాంటిదే తీశాడు. 1853 జులై 31న, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ల్వీవ్ నగరం ఆస్పత్రిలో అర్ధరాత్రి ఒక రోగికి అత్యవసర ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. ఆయన దీపాల వెలుగులో చేశారు. చూడండి, ఈ నూనె మంచి కూడా చేసింది. దాన్ని విలన్‌గా చూపించడం నా ఉద్దేశం కాదు.

1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఎడ్విన్ డ్రేక్ బావి తవ్వి రాతి నూనె తీశాక ధర పడిపోయింది. అసలు కథ ఇక్కడే.

పెట్రోలు ఎవరికీ అక్కర్లేని రోజుల్లో

రాతి నూనెని కాచి ఆవిరి పడితే, ముందు తేలికైన భాగం వస్తుంది. అంటే నాఫ్తా, పెట్రోలు లాంటివి. తర్వాత కిరసనాయిలు. ఆ తర్వాత బరువైన నూనెలు. అప్పటికి కార్లు లేవు, కాబట్టి పెట్రోలు లాంటి తేలిక భాగం దాదాపు చెత్త కింద లెక్క. అడిగేవాడు లేడు.

ఇప్పుడు మీరు లాభం తప్ప ఇంకేదీ పట్టని వ్యాపారి అనుకోండి. మీ దగ్గర అమ్ముడుపోని చెత్త ఉంది, బాగా అమ్ముడుపోయే కిరసనాయిలు ఉంది. ఏం చేస్తారు? కలిపేస్తారు! అదే జరిగింది. చూడ్డానికి తేడా తెలియదు. ఇంటికి తీసుకెళ్లి దీపంలో పోస్తే తెలుస్తుంది. రాక్‌ఫెల్లర్ 1870లో పెట్టిన కంపెనీకి 'స్టాండర్డ్ ఆయిల్' అని పేరు పెట్టడం వెనుక ఉన్న మాట ఇదే: మా నూనె ఎప్పుడు కొన్నా ఒకే ప్రమాణంలో ఉంటుంది అని. కల్తీ భయం అంత ఉంది కాబట్టే ఆ పేరుకి విలువ.

మరి ఏది మంచిది, ఏది ప్రమాదం అని కొలిచేదెలా? ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి: ఫ్లాష్ పాయింట్. నూనెని మెల్లగా వేడి చేస్తూ, దాని పైన చిన్న మంట చూపిస్తూ ఉంటారు. ఏ వేడి దగ్గర పైనున్న ఆవిరి ఒక్కసారి టప్పున అంటుకుంటుందో, అదే ఫ్లాష్ పాయింట్. అది ఎంత తక్కువైతే అంత ప్రమాదం. ఎందుకంటే నూనె వత్తి దాకా రానక్కర్లేదు, దాని ఆవిరే మంట దగ్గరికి వెళ్తుంది.

బ్రిటన్‌లో ఫ్రెడరిక్ ఆబెల్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని కొలిచే పరికరం చేశాడు. 1879లో చట్టం వచ్చింది. హద్దు 73 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 23 డిగ్రీల సెల్సియస్. లండన్ ఇంట్లో సరే. మన దగ్గర? జనవరి మధ్యాహ్నం కూడా 23 దాటుతుంది!

మన దేశంలో ఇప్పటికీ అమల్లో ఉన్న 1934 పెట్రోలియం చట్టం కూడా ఈ 23 గీతనే వాడుతుంది. ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీల లోపు ఉంటే ఏ క్లాస్, 23 నుంచి 65 లోపు బి క్లాస్, 65 నుంచి 93 లోపు సి క్లాస్. పెట్రోలు ఏ క్లాస్. కిరసనాయిలు బి క్లాస్. మన ప్రమాణాల ప్రకారం కిరసనాయిలు ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉండాలి.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. 35. మే నెలలో రామగుండంలో, విజయవాడలో, రెంటచింతలలో ఎంత ఉంటుంది? 44, 45. అంటే వేసవి మధ్యాహ్నం ఇంటి మూలన పెట్టిన కిరసనాయిలు డబ్బా, ఏ కల్తీ లేకపోయినా, ఒక్క నిప్పురవ్వకి ఆవిరి అంటుకునే స్థితిలో ఉండొచ్చు. వెలిగి వేడెక్కిన బుడ్డి సంగతి వేరే చెప్పాలా?

ఇప్పుడు ఆముదం, నువ్వుల నూనె, కొబ్బరి నూనె చూడండి. వీటి ఫ్లాష్ పాయింట్ 200 డిగ్రీలు దాటాకే. అందుకే ప్రమిద పక్కన నూనె ఒలికి, దాని మీద అగ్గిపుల్ల పడ్డా సాధారణంగా ఆరిపోతుంది. అందుకే మా అమ్మమ్మ వాళ్లమ్మ వెలుగుతున్న దీపంలో ధైర్యంగా నూనె పోయగలిగింది.

డబ్బా మన ఊరికి వచ్చింది

19వ శతాబ్దం రెండో సగంలో అమెరికా కిరసనాయిలు తగరపు డబ్బాల్లో, చెక్క పెట్టెల్లో ఓడలెక్కి మన రేవులకి వచ్చింది. తర్వాత రష్యా బాకు నూనె, ఆ తర్వాత బర్మా నూనె. బర్మా ఆయిల్ కంపెనీ 1886లో పుట్టింది. అస్సాంలోని డిగ్బోయ్‌లో 1901లో రిఫైనరీ మొదలైంది. ఆంధ్రలో కిరసనాయిలు అన్నారు, తెలంగాణలో గ్యాస్ నూనె అన్నారు. నూనె అయిపోయాక డబ్బా కూడా పారేయలేదు. నీళ్లకీ, ధాన్యానికీ, గోడకీ, కప్పుకీ దేనికైనా పనికొచ్చింది.

డబ్బున్న ఇంట్లో చిమ్నీ దీపం, లాంతరు. లేని ఇంట్లో? మందు సీసా మూతకి చిల్లు పెట్టి, గుడ్డ పేలిక వత్తి దూర్చిన బుడ్డి దీపం. చిమ్నీ లేదు, గాలి సరిగా అందదు, అందుకే నల్లటి పొగ. 2012లో వచ్చిన ఒక పరిశోధన లెక్క ప్రకారం ఇలాంటి బుడ్డి దీపాల్లో కాలిన కిరసనాయిల్లో 7 నుంచి 9 శాతం దాకా నల్లటి మసిగా మారి గాల్లో కలుస్తుంది. పొద్దున్నే ముక్కు చీదితే నల్లగా వచ్చేదని మీ తాతయ్య చెప్పారా? అదే ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఇళ్లలో కిరసనాయిలు వాడకాన్ని ప్రోత్సహించొద్దని చెప్పింది.

ఒక తరం పిల్లలు ఈ పొగలోనే చదువుకుని పైకొచ్చారు. ఆ వెలుగు లేకపోతే ఆ చదువే లేదు, నిజమే. కానీ ఆ వెలుగుకి ఊపిరితిత్తులతో, చర్మంతో కూడా ధర కట్టాం.

మరి ఇప్పుడు ఏం పొయ్యాలి?

చరిత్ర నుంచి మన ఇంటి అల్మారాలోకి వద్దాం.

ప్రమిదకీ, కుందికీ నువ్వుల నూనె, ఆముదం, కొబ్బరి నూనె, నెయ్యి. ఏది తినగలిగే శుభ్రమైన నూనెగా దొరికితే అది. కొబ్బరి నూనె చలికాలం గడ్డ కడుతుంది, అప్పుడు వత్తికి అందదు. ఆముదం మరీ చిక్కన, మెల్లగా వెలుగుతుంది.

"ఇవి పొగే రావు" అని మాత్రం నేను చెప్పను. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించే కదా పాతరోజుల్లో కాటుక పట్టేవాళ్లు! వత్తి పొడుగ్గా ఉంటే ఏ నూనైనా మసి కడుతుంది, ఎందుకంటే కాలగలిగే దానికన్నా ఎక్కువ నూనె మంటలోకి వస్తుంది. వత్తి కొస చిన్నగా ఉంచండి, కిటికీ కొంచెం తెరవండి.

షాపుల్లో 'దీపారాధన నూనె' అని సీసాలు దొరుకుతాయి. కొన్ని మంచివే. కానీ పేరు చూసి కొనకండి, సీసా వెనక్కి తిప్పండి. లోపల ఏ నూనె ఉందో రాశారా? "తినడానికి కాదు" అని ఉందా? తినే నూనెకి ఉండే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు దీనికి ఉండక్కర్లేదు, కాబట్టి అందులో ఏముందో చెప్పాల్సింది లేబులే. లేబుల్ చెప్పకపోతే, పక్క అరలో ఉన్న వంట నువ్వుల నూనె కొనుక్కోండి.

రంగురంగుల, సువాసన వచ్చే పారఫిన్ లాంప్ ఆయిల్ కూడా ఆన్‌లైన్లో వస్తోంది. అది మూసిన గాజు దీపాలకి చేసినది, ప్రమిదకి కాదు. ఇంకో ప్రమాదం, పిల్లలు దాన్ని జ్యూస్ అనుకుంటారు. పల్చటి నూనె గుటక వేసేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. ఇలాంటివి జరిగే యూరప్ దేశాలు రంగు, వాసన ఉన్న లాంప్ ఆయిల్ మీద ఆంక్షలు పెట్టాయి. మన దగ్గర కూల్ డ్రింక్ సీసాలో పోసి పెట్టిన కిరసనాయిలు తాగే పసిపిల్లలు ఇప్పటికీ ఆస్పత్రులకి వస్తున్నారు. అలా జరిగితే వాంతి చేయించొద్దు. కక్కేటప్పుడు మళ్లీ ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. నేరుగా ఆస్పత్రికి పరుగెత్తాలి.

పెట్రోలు, థిన్నర్, స్పిరిట్, శానిటైజర్: ఇవి దీపం దరిదాపుల్లో కూడా వద్దు. శానిటైజర్లో ఉన్నది ఆల్కహాలే. అమెరికా వాళ్లు 1830ల్లో చేసిన పొరపాటు మనం ఇప్పుడు కొత్తగా చెయ్యక్కర్లేదు.

చివరిగా, 365 వత్తుల కట్ట. కార్తీక పౌర్ణమికి మా ఇంట్లోనూ వెలిగిస్తాం. మంచి నూనెకి కూడా 200 డిగ్రీల హద్దు ఉందని చెప్పాను కదా. అన్ని వత్తులు ఒక్కసారి మండితే చిన్న గిన్నెలో నూనె ఆ హద్దుకి చేరుకోగలదు. అప్పుడు వత్తులు కాదు, గిన్నే మండుతుంది. కాబట్టి పెద్ద మట్టి మూకుడు, ఆరుబయట, పమిట చెంగు, చున్నీ దూరంగా. భగ్గుమంటే నీళ్లు పొయ్యకండి, కాగిన నూనె మీద నీళ్లు పడితే మంట ఎగజిమ్ముతుంది. పెద్ద పళ్లెంతో మూసేయండి, లేదా ఇసుక చల్లండి.

మా అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఉంటే ఈ వీడియో ఆవిడకి చూపించి ఒక మాట చెప్పేదాన్ని: "అమ్మమ్మా, నువ్వు అజాగ్రత్తగా లేవు. నీకు అమ్మిన వాళ్లు డబ్బా ఇచ్చారు, దాన్ని ఎలా వాడాలో చెప్పలేదు" అని.

ఈ సాయంత్రం మీ ఇంట్లో దీపం పెట్టేది అమ్మో, నాన్నమ్మో అయితే, ఆ సీసా ఒకసారి మీరు చేతిలోకి తీసుకోండి. చిన్న అక్షరాలు వాళ్లకి కనపడవు. మీకు కనపడతాయి. చదివి చెప్పండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.